షాంపూ అనే మాట సంపెంగ పువ్వులోంచి రాలేదు

మీ ప్రశ్న ఇది. ‘షాంపూ’ అనే ఇంగ్లీషు మాట మన చంపకం నుంచి, అంటే సంపెంగ పేరు నుంచి పుట్టిందని ఒకచోట చదివారు. షేక్ దీన్ మహమ్మద్ అనే భారతీయుడు ఆ మాటను ఇంగ్లీషువాళ్లకు ఇచ్చాడని ఇంకోచోట చదివారు. రెండిట్లో ఏది నమ్మాలి అని అడిగారు.

మాట పుట్టుక వరకు రెండూ నిలబడవు. సంపెంగ కథ పూర్తిగా తప్పు. దీన్ మహమ్మద్ కథలో గొప్ప నిజం ఒకటి ఉంది గాని, అది ఆ మాట ఎలా పుట్టిందో చెప్పదు. పదాల పుట్టుపూర్వోత్తరాలు వెతకడం ఏళ్లుగా నేను చేస్తున్న పని. ఈ ఒక్క మాట చుట్టూ ఇన్ని కల్పనలు తిరుగుతుంటే బాధగా ఉంటుంది, ఎందుకంటే అసలు చరిత్ర ఆ కల్పనలన్నిటికంటే బాగుంటుంది. అందుకే కొంచెం పొడుగ్గా రాస్తున్నాను.

అసలు మాట ‘చాంప్‌నా’ అనే హిందీ క్రియ. ఒత్తడం, నొక్కడం, పిసకడం దాని అర్థం. అలసిపోయిన మనిషికి ఒళ్ళు పడతారు చూడండి, ఆ పని. ‘చాంపో’ అంటే ‘ఒత్తు’, ‘పట్టు’. ఈ ఆజ్ఞారూపమే ఇంగ్లీషువాళ్ల చెవిన పడి వాళ్ల నోట ‘షాంపూ’ అయింది. ఇంగ్లీషులో ఆ మాటకు మొదట ఉన్న అర్థం కూడా అదే: కండరాలు పిసికి అలసట తీర్చడం. జుట్టు ఊసు లేదు, నురుగు లేదు, సీసా లేదు. సుమారు నూరేళ్లపాటు ఇంగ్లీషులో షాంపూ చేయించుకోవడం అంటే ఒళ్ళు పట్టించుకోవడమే.

దీనికి ఆధారాలు గట్టిగానే ఉన్నాయి. అచ్చులో ఈ మాట కనిపించే తొలి ఇంగ్లీషు ప్రయోగం 1762 నాటిది. 1747, 1748 సంవత్సరాల్లో తూర్పు దేశాలకు ఓడలో వెళ్లివచ్చిన ఒక ఆంగ్లేయుడు తన యాత్ర గురించి రాసిన పుస్తకంలో అది ఉంది. విచిత్రం ఏమిటంటే, ఆయన వర్ణిస్తున్నది భారతదేశంలో జరిగినది కాదు, చైనాలో జరిగినది. ఇలాంటి పని యూరప్‌లో ఎవరికీ తెలియదని, తనకంటే ముందు కొందరు వర్తకులు దాన్ని చేయించుకోవడం కళ్లారా చూసి ఉండకపోతే ఆ పనిముట్లు చూసే భయపడి ఉండేవాణ్ణని ఆయన రాశాడు. అంటే అప్పటికే ఈ హిందీ మాట ఓడలెక్కి తిరుగుతోంది. భారత తీరంలో నేర్చుకున్న మాటను చైనా రేవులో చూసిన పనికి కూడా వాడేశారు. ఇంచుమించు అదే కాలానికి చెందిన మరో ఆంగ్లేయుడి యాత్రారచనలో ఇదే పనిని ‘చాంపింగ్’ అన్నారు. ఆ రూపం నాకు చాలా విలువైనదిగా అనిపిస్తుంది. హిందీలోని ‘చ’ అక్కడ చెక్కుచెదరకుండా ఉంది. ‘చ’తో పలికిన రూపం, ‘ష’తో పలికిన రూపం కొంతకాలం పక్కపక్కన నడిచాయి. చివరికి ‘ష’ రూపం నిలిచింది.

హిందీకి వెనక ఏముంది అంటారా? కొన్ని నిఘంటువులు ‘బహుశా’ అనే మాట చేర్చి సంస్కృతంలోని ‘చపయతి’ దాకా వెళ్తాయి. దానికి దంచడం, పిసకడం అనే అర్థాలు చెబుతారు. ఆ ‘బహుశా’ను నేను తీసెయ్యను. హిందీ దాకా దారి స్పష్టంగా ఉంది, ఆపైన అది ఊహ.

ఇక నాకు అన్నిటికంటే ముఖ్యంగా తోచే విషయం. ఒక భాష మరో భాష నుంచి మాటలు తీసుకునేటప్పుడు ఎక్కువగా నామవాచకాలనే తీసుకుంటుంది. తెలియని వస్తువు ఎదురైతే దాని పేరు కూడా దానితోనే వస్తుంది. బంగళా, పైజామా, గాజుకు వాడే బాంగిల్ ఇవన్నీ అలా ఇంగ్లీషులోకి వెళ్లినవే. షాంపూ మాత్రం క్రియగా వెళ్లింది, అదీ ఆజ్ఞ రూపంలో. ఎందుకలా జరిగింది?

ఆ కాలంలో ఇంగ్లీషువాళ్లు హిందుస్తానీ నేర్చుకున్న తీరు చూస్తే అర్థమవుతుంది. కంపెనీ సైనికుడికో, వర్తకుడికో ఆ భాషతో ఎక్కువ పని పడేది నౌకర్లతో, పల్లకి మోసే బోయీలతో, పడవ సరంగులతో. వాళ్లతో మాట్లాడటం అంటే పనులు చెప్పడం. కాబట్టి క్రియలన్నీ ఆ చెవులకు ఆజ్ఞలుగానే చేరాయి. వ్యాకరణం చదివి నేర్చుకున్నవాడికి ‘చాంప్‌నా’ అనే మూలరూపం తెలుస్తుంది. రోజూ చాకిరీ చేయించుకుంటూ నేర్చుకున్నవాడికి ‘చాంపో’ ఒక్కటే తెలుస్తుంది. దాన్నే మూలరూపం అనుకుని, దానికి ఇంగ్లీషు ప్రత్యయాలు తగిలించి, జరిగిపోయిన పనికి ఒకటి, జరుగుతున్న పనికి ఒకటి తయారు చేసుకున్నాడు.

హిందీలో ఈ ఆజ్ఞకు అంతస్తులు ఉన్నాయన్నది కూడా గమనించండి. చిన్నవాణ్ణి అయితే ‘చాంప్’ అంటారు. ‘తుమ్’ అని పిలిచే మనిషిని ‘చాంపో’ అంటారు. ‘మీరు’ అని గౌరవించే మనిషిని అడగాలంటే ‘చాంపియే’ అనాలి. ఇంగ్లీషుకు వెళ్లింది ‘చాంపియే’ కాదు. ఎవరు ఎవరికి పని చెప్పారో, ఏ స్వరంలో చెప్పారో ‘చాంపో’ చివర ఉన్న ‘ఓ’ అనే ఒక్క అచ్చు చెబుతుంది. వ్యాకరణం ఇంత నిక్కచ్చిగా సాక్ష్యం చెప్పే సందర్భాలు అరుదు.

ఈ వివరణ నా సొంతం కాదు. హెన్రీ యూల్, ఏ.సి. బర్నెల్ కలిసి కూర్చిన ‘హాబ్సన్-జాబ్సన్’ అనే ఆంగ్లో-ఇండియన్ పదకోశం 1886లో వచ్చింది. బర్నెల్ మద్రాసు సివిల్ సర్వీసులో పనిచేసి దక్షిణాది లిపుల మీద గొప్ప కృషి చేసిన పండితుడు. పుస్తకం అచ్చయ్యే నాటికే ఆయన చనిపోయాడు. షాంపూ అనేది బహుశా ‘చాంపో’ అనే ఆజ్ఞారూపం నుంచే మారి వచ్చిందని ఆ కోశం చెబుతూ, అదే పద్ధతిలో పుట్టిన మరికొన్ని మాటలతో దాన్ని పోల్చింది. ‘బనావో’ నుంచి ‘బునౌ’ వచ్చింది. లేనిదాన్ని కల్పించడం, కట్టుకథ అల్లడం అనే అర్థంలో వాడేవారు. ‘పకడావో’ నుంచి ‘పకెరౌ’ వచ్చింది, అంటే పట్టుకోవడం. అది ముఖ్యంగా తెల్ల సిపాయిల నోట ఆడిన మాట. ‘లగావో’ నుంచి ‘లుగౌ’ వచ్చింది, పడవను ఒడ్డుకు చేర్చి కట్టడం. ‘ధమ్‌కావో’ నుంచి ‘డమ్‌కౌ’ వచ్చింది, అంటే బెదిరించడం. అన్నీ ఆజ్ఞలే. అన్నీ ఇంగ్లీషు క్రియల వేషం వేసుకున్నవే. వాటిని వాడిన తరంతో పాటే అవి మాసిపోయాయి. ఆ వరసలో ప్రపంచమంతా తిరిగినది షాంపూ ఒక్కటే.

ఇప్పుడు సంపెంగ సంగతి. ‘చంపా’, ‘షాంపూ’ వినడానికి దగ్గరగా ఉంటాయి. తలకు రాసుకునే నూనెలో పూలు వేసి కాచే అలవాటు మన దేశంలో ఉంది కాబట్టి కథ నమ్మబుద్ధి అవుతుంది. కానీ తొలినాటి ఇంగ్లీషు ప్రయోగాలు వరసగా చదివితే పువ్వుకు చోటే కనబడదు. వాటిలో ఉన్నది పిసకడం, నొక్కడం, కీళ్లు విరవడం. సువాసన తైలం ప్రస్తావన నుంచి మొదలై మర్దన వైపు నడిచిన జాడ ఎక్కడా లేదు. పైగా పువ్వు పేరు నుంచి పుట్టిన మాట మొదట నామవాచకంగా కనిపించాలి. ఇది మొదటినుంచీ క్రియ. చివర ఉన్న ‘ఓ’ అచ్చు ఎక్కడిదో ఆజ్ఞారూపం చెబుతుంది, ‘చంపా’ చెప్పదు. అర్థం, వ్యాకరణం, ధ్వని మూడూ ఒకవైపు మొగ్గుతున్నప్పుడు, చెవికి దగ్గరగా ఉందన్న ఒక్క కారణంతో ఇంకోవైపు వెళ్లకూడదు.

ఇలాంటిదే ఇంకో పొరపాటు కూడా తరచూ వినిపిస్తుంది: షాంపూ మన దేశంలో పుట్టింది, కుంకుడుకాయలు, శీకాయే అందుకు రుజువు అని. కుంకుడుకాయ నురుగు నిజం. దానిలో సపోనిన్లు అనే పదార్థాలు ఉంటాయి, జిడ్డును పట్టి లాగేది అవే. మన పెద్దలు తల రుద్దుకోవడానికి ఏం వాడారన్నది చదవదగ్గ చరిత్రే. అయితే అది వస్తువు చరిత్ర. ‘చాంపో’ అనే మాట ఇంగ్లీషుకు చేరిన దారిలో కుంకుడుకాయ ఎక్కడా తగలదు. రెండిటినీ కలిపి చెబితే రెండూ చెడతాయి.

దీన్ మహమ్మద్ దగ్గరికి వద్దాం. ఆయన పేరు ఇంకా చాలామందికి తెలియాలని నా కోరిక. ఆయన 1759లో పట్నాలో పుట్టాడు. చిన్నతనంలోనే తండ్రి పోయాడు. ఈస్టిండియా కంపెనీ వారి బెంగాల్ సైన్యంలో పెరిగి, తనను చేరదీసిన ఐరిష్ అధికారి వెంట 1784లో ఐర్లండ్‌లోని కార్క్ పట్టణానికి వెళ్లాడు. అక్కడే జేన్ డేలీ అనే ఐరిష్ యువతిని పెళ్లాడాడు. 1794లో తన ప్రయాణాల గురించి ఇంగ్లీషులో పుస్తకం రాసి అచ్చు వేయించాడు. భారతీయుడు ఇంగ్లీషులో రాసి ప్రచురించిన మొదటి పుస్తకంగా దాన్ని లెక్కిస్తారు. ఆ తర్వాత లండన్ చేరి, బేసిల్ కాక్రేన్ అనే సంపన్నుడు నడిపిన ఆవిరి స్నానశాలలో పనిచేశాడు. 1810లో భారతీయ వంటకాలు వడ్డించే ‘హిందూస్తానీ కాఫీ హౌస్’ను అక్కడే తెరిచాడు. రెండేళ్లకే దివాలా తీశాడు.

ఆ దెబ్బ తిన్నాక, యాభై దాటిన వయసులో, 1814లో భార్యతో కలిసి బ్రైటన్ వెళ్లాడు. సముద్రస్నానాల కోసం, రాజవంశీకుల నివాసం కోసం కులీనులు వచ్చి చేరుతున్న ఊరు అది. సముద్రపు ఒడ్డున ఆయన స్నానశాల పెట్టాడు. అక్కడ జరిగే చికిత్స ఇలా ఉండేది. రోగిని మూలికలు కలిపిన వేడి ఆవిరిలో ఉంచి బాగా చెమట పట్టనిచ్చేవారు. తర్వాత ఉన్నిబట్టతో చేసిన గుడారం లాంటి దానిలో కూర్చోబెట్టేవారు. దానికి చొక్కా చేతుల్లాంటి గొట్టాలు కుట్టి ఉండేవి. మర్దన చేసే మనిషి బయటే నిలబడి, ఆ గొట్టాల్లోంచి చేతులు లోపలికి పోనిచ్చి ఒళ్ళంతా పిసికేవాడు. ఆయన ప్రకటనల్లో ఉన్న జబ్బులు కీళ్లవాతం, పక్షవాతం, గౌట్, బిగుసుకుపోయిన కీళ్లు, పాత బెణుకులు. జుట్టు గురించి ఒక్క ముక్క లేదు. నాలుగో జార్జి, ఆ తర్వాత నాలుగో విలియం, ఇద్దరు రాజులకూ ఆయన ‘షాంపూయింగ్ సర్జన్’. ఈ బిరుదును ‘రాజుగారికి తల రుద్దినవాడు’ అని తెలుగులో రాసినవాళ్లు ఉన్నారు. అది ఆయనకు చేసే అన్యాయం. నడవలేక వచ్చినవాళ్లకు వైద్యం చేసిన మనిషి ఆయన. బాగుపడి వెళ్లినవాళ్లు వదిలిన చేతికర్రలు ఆ స్నానశాల గోడల మీద వేలాడేవని చెబుతారు. తన పద్ధతి గురించి 1822లో ప్రత్యేకంగా ఒక పుస్తకం వెలువరించాడు. 1851లో బ్రైటన్‌లోనే కన్నుమూశాడు.

మీ ప్రశ్నకు ఇక్కడ సూటిగా జవాబు దొరుకుతుంది. ఈ మాట ఇంగ్లీషు అచ్చులోకి వచ్చిన 1762లో దీన్ మహమ్మద్ పట్నాలో మూడేళ్ల పసివాడు. మాటను ఇచ్చింది ఆయన కాదు. యాత్రికుల పుస్తకాల్లో అరుదుగా తగిలే విదేశీ మాటను, లండన్ కులీనులు ఇంట్లో మాట్లాడుకునే మాటగా మార్చింది మాత్రం ఆయనే. నా దృష్టిలో అది చిన్న పని కాదు. హిందీలో పైవాడు కిందివాడికి చెప్పే ఆజ్ఞగా ఉన్న మాటకు బ్రైటన్‌లో వైద్యుడి బిరుదుగా గౌరవం తెచ్చాడు.

మరి ఒళ్ళు పట్టడం తల రుద్దడం ఎలా అయింది? జుట్టు కడగడం అనే అర్థంలో ఈ మాట 1860 ప్రాంతంలో కనిపించడం మొదలవుతుంది. అందుకు వాడే సబ్బు పదార్థానికి ఇదే పేరు 1866 నాటికి వచ్చింది. ఆ మధ్యకాలంలో జరిగినదాని మీద నా అభిప్రాయం చెబుతాను. 1856లో కార్క్ దగ్గరే రిచర్డ్ బార్టర్ అనే వైద్యుడు, డేవిడ్ అర్కర్ట్ అనే బ్రిటిష్ రాజకీయవేత్త ప్రోత్సాహంతో టర్కీ పద్ధతి స్నానశాల కట్టించాడు. కొద్ది ఏళ్లలో అలాంటివి బ్రిటన్ అంతా వెలిశాయి. వాటిలో ఒళ్ళు పిసికే పనివాణ్ణి ‘షాంపూయర్’ అనేవారు. పిసకడం, సబ్బు నురుగుతో రుద్దడం, నీళ్లు పోయడం అక్కడ ఒకే వరసలో జరిగేవి. మంగలి దుకాణంలోనూ అంతే. తల పట్టడం, తల కడగడం ఒకే చేతిమీద నడిచే పనులు. వరసలో మొదటి పని పేరు చివరి పనికి అంటుకుంది.

మన తెలుగులో సరిగ్గా ఇదే జరిగింది కాబట్టి దీన్ని మనం సులభంగా పోల్చుకోగలం. ‘అంటడం’ అంటే రాయడం, పూయడం. తలంటు అంటే తలకు నూనె అంటడం. ఆ మాటలో నీళ్లు లేవు. నూనె అంటాక కుంకుడుకాయ రసంతో రుద్ది నీళ్లు పోయడం అలవాటు కాబట్టి ఆ మొత్తానికీ తలంటు అన్న పేరే స్థిరపడింది. ఇవాళ నూనె చుక్క తగలకుండా తల రుద్దుకున్నా తలంటు పోసుకున్నామనే అంటున్నాం.

షాంపూ తన పాత అర్థాన్ని పూర్తిగా ఎందుకు వదులుకుంది అన్నదానికి ఇంకో కారణం కూడా ఉందని నేను నమ్ముతాను. 1870లలో ఫ్రెంచి నుంచి ‘మసాజ్’ అనే మాట ఇంగ్లీషులోకి వచ్చింది. ఒళ్ళు పట్టడానికి ఆ కొత్త మాట కుదురుకున్నాక, షాంపూకు జుట్టు ఒక్కటే మిగిలింది. ఆ మసాజ్ పుట్టుక మీదా వాదాలున్నాయి. తాకడం అనే అర్థమున్న అరబ్బీ ‘మస్స’ నుంచి వచ్చిందని కొందరు, పిండి పిసకడం అనే అర్థమున్న పోర్చుగీసు ‘అమస్సార్’ నుంచి, భారతదేశంలోని ఫ్రెంచివాళ్ల ద్వారా వచ్చిందని మరికొందరు అంటారు. రెండోదే నిజమైతే ఆ మాటకు కూడా మన నేలతో సంబంధం ఉన్నట్టే.

ఆ తర్వాతి కథ వస్తువుది. బెర్లిన్‌లో మందుల దుకాణం నడిపిన హాన్స్ స్వార్జ్‌కాఫ్ 1903లో నీళ్లలో కలిపి వాడే షాంపూ పొడిని అమ్మకానికి తెచ్చాడు. ఆ కంపెనీయే 1927లో ద్రవరూపంలో షాంపూ తెచ్చింది. అప్పటివరకు షాంపూలు ప్రధానంగా సబ్బే. సబ్బు ఉప్పునీళ్లలోని కాల్షియంతో కలిసి తెల్లటి మడ్డిలా జుట్టుకు అంటుకుంటుంది. 1930లలో అమెరికాలో ‘డ్రీన్’ లాంటి కృత్రిమ డిటర్జెంట్ షాంపూలు వచ్చాక ఆ బాధ తగ్గింది. ఇవాళ మనం వాడుతున్నది ఆ కుటుంబానికి చెందినదే. 1950ల నాటికి మాట ఇంకా సాగి, తివాచీలు, సోఫాలు శుభ్రం చేసే ద్రవానికి కూడా పేరైంది.

ఇంగ్లీషు నుంచి మిగతా భాషలు తీసుకున్న తీరు కూడా చూడదగ్గది. ఫ్రెంచివాళ్లు క్రియారూపం ‘షాంపూయింగ్’ను తీసుకుని దాన్నే నామవాచకం చేసుకున్నారు. పలకడం మాత్రం ‘షాంపువాఁ’ అని పలుకుతారు. రష్యన్‌లో ‘షంపూన్’ అంటారు. స్పానిష్‌లో ‘చంపూ’ అని ‘చ’ మళ్లీ వచ్చి చేరింది. హిందీలో అయితే రెండు రూపాలూ పక్కపక్కనే బతుకుతున్నాయి. తల పట్టడం ‘చంపీ’, సీసాలోని ద్రవం ‘షాంపూ’. పిల్ల విదేశం వెళ్లి తిరిగొచ్చినా తల్లి గుర్తుపట్టని పరిస్థితి అది. తెలుగుకు వచ్చింది ఇంగ్లీషు షాంపూయే, అదీ నామవాచకంగా. అందుకే మనం షాంపూ ‘పెట్టుకుంటాం’, షాంపూతో ‘రుద్దుకుంటాం’.

మీరు పాత ఇంగ్లీషు పుస్తకాలను తెలుగు చేస్తున్నానని కూడా రాశారు కాబట్టి ఒక్క సూచన. 1860కి ముందటి రచనలో ఎవరైనా షాంపూ చేయించుకున్నాడని ఉంటే, నిస్సందేహంగా ‘ఒళ్ళు పట్టించుకున్నాడు’ అనో ‘మర్దన చేయించుకున్నాడు’ అనో రాయండి. 1860 నుంచి ఓ ముప్పై ఏళ్ల వరకు రెండు అర్థాలూ కలగలిసి నడిచాయి. అప్పుడు చుట్టుపక్కల వాక్యాలు చూడండి. సబ్బు, నీళ్లు, మంగలి, అద్దం ఉంటే జుట్టు. ఆవిరి, బల్ల, కీళ్లు, నొప్పి ఉంటే ఒళ్ళు. టర్కీ స్నానశాల ప్రస్తావన వస్తే మాత్రం ఆ కాలం దాటాక కూడా పాత అర్థమే అయ్యే అవకాశం ఉంది, అక్కడ తొందరపడకండి.